పండగ దీపాలు దించేశాక

కోపెన్‌హాగెన్‌లో జనవరి మొదటివారంలో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. మళ్లీ తెల్లవారేసరికి ఎనిమిదిన్నర. డిసెంబరులో చీకటి ఇంకాస్త ఎక్కువే గానీ, అప్పుడు దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. కిటికీ కిటికీకీ నక్షత్రాలు, హాల్లో క్రిస్మస్ చెట్టు, వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు. జనవరి 6న ముగ్గురు రాజుల పండగతో డెన్మార్క్‌లో ఆ సందడి సద్దుమణుగుతుంది. పొరుగున స్వీడన్ వాళ్లు ఇంకో వారం లాగుతారు. 13వ తేదీన పిల్లలు చెట్టు చుట్టూ ఆడిపాడి, కొమ్మలకు కట్టిన మిఠాయిలు తెంపుకు తిని, చెట్టును ఇంట్లోంచి సాగనంపుతారు. ఆ మర్నాడు చూస్తే ఇల్లు బోసిగా ఉంటుంది.

చలి మాత్రం అప్పుడే ముదురుతుంది. డిసెంబరు 21 దాటాక పగలు పెరుగుతున్నా, నేలా సముద్రమూ పొందే వేడి కంటే పోగొట్టుకునే వేడే ఇంకా కొన్ని వారాలు ఎక్కువగా ఉంటుంది. అందుకే అక్కడ జనవరి, ఫిబ్రవరులే బాగా చల్లన. సంక్రాంతికి పొద్దు తిరిగినా శివరాత్రి దాకా చలి పోదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ రోజుల్ని వెచ్చగా గడిపే డేనిష్ పద్ధతికి 'హ్యూగ' అని పేరు. 2016లో ఈ మాట ఇంగ్లిష్ పుస్తకాల షాపుల్ని ఒక ఊపు ఊపింది. ఆ వెంటనే కొవ్వొత్తులు, ఉన్ని మేజోళ్లు, దుప్పట్లు అదే పేరుతో అమ్ముడుపోయాయి. అందులో సగం వ్యాపారమేనని నా అభిప్రాయం. ఇల్లు వెచ్చగా అనిపించడంలోని కిటుకు తెలియాలంటే దుకాణానికి వెళ్లనక్కర్లేదు. డెన్మార్క్‌కే చెందిన ఇద్దరు మనుషుల పని చూస్తే చాలు. ఒకాయన ఇంజినీరు, ఇంకొకాయన దీపాలు చేసినవాడు.

ఇంజినీరు పేరు ఓలె ఫాంగర్. మనిషికి గదిలో ఎప్పుడు హాయిగా ఉంటుందన్న ప్రశ్నను పట్టుకుని 1970లో ఒక పుస్తకం రాశాడు. నేటికీ భవనాల్లో వెచ్చదనానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఆయన లెక్కల మీదే నడుస్తోంది. ఆయన లెక్కలో అంశాలు ఆరు: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ కిటికీల వేడి, గాలి కదలిక, గాలిలో తేమ, ఒంటి మీది బట్ట, చేస్తున్న పని. గోడకు తగిలించిన థర్మామీటరు చెప్పేది వీటిలో మొదటిది మాత్రమే. మనం పోట్లాడుకునేది కూడా దాని గురించే.

రెండో అంశాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గదిలో గాలి 21 డిగ్రీలు ఉందనుకుందాం. బయట సున్నా. ఒకే పొర అద్దమున్న పాత కిటికీ అయితే దాని లోపలి ముఖం ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. మన చర్మం దాదాపు 33 డిగ్రీలు. ఆ కిటికీ పక్కన కూర్చుంటే ఒంట్లోని వేడి, గాలితో పని లేకుండానే, కిరణాల రూపంలో నేరుగా అద్దం వైపు పోతుంది. కదలకుండా కూర్చున్న మనిషి పోగొట్టుకునే వేడిలో పెద్ద వాటా ఈ దారినే పోతుంది. థర్మామీటరు 21 అంటుంది, భుజం జివ్వుమంటుంది. రెండూ నిజమే.

దీనికి తోడు అద్దాన్ని తాకిన గాలి చల్లబడి బరువెక్కి కిందికి జారుతుంది. చూడాలంటే అలాంటి కిటికీ దగ్గర ఒక అగరొత్తి వెలిగించండి. గది మధ్యలో నిటారుగా లేచే పొగ అద్దం పక్కన తడబడి, వంగి, నేల వైపు దిగి కాళ్ల దగ్గరికి వస్తుంది. చలిదేశాల ఇళ్లలో వేడినీళ్ల రేడియేటర్లను సరిగ్గా కిటికీ కిందే బిగించడం ఇందుకే. కిందికి జారే చల్లగాలిని పైకి లేచే వేడిగాలి అడ్డుకుంటుంది. నేలదాకా వేలాడే పరదాతో ఆ రేడియేటరును కప్పేస్తే వేడంతా పరదాకూ అద్దానికీ మధ్య చిక్కుకుపోతుంది. పొద్దుగూకగానే పరదా వేయాలి, కానీ రేడియేటరు పైదాకానే. కుర్చీని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడ వారకు జరపాలి. పైసా ఖర్చు లేని ఈ రెండు పనులూ హీటరును పెంచినంత సుఖాన్నిస్తాయి.

ఇక దీపాలాయన. పౌల్ హెన్నింగ్సన్ 1894లో పుట్టాడు, కిరసనాయిలు దీపం వెలుగులో పెరిగాడు. కరెంటు బల్బు వచ్చాక ఇళ్లలో వెలుతురు కళ్లలో పొడిచినట్టు ఉండటం చూసి ఆయనకు ఒళ్లు మండింది. కొత్త బల్బులోంచే పాత దీపపు మెత్తదనం రాబట్టాలని కూర్చున్నాడు. 1926 నాటికి మూడు గిన్నెల్ని ఒకదాని కింద ఒకటి బోర్లించినట్టుండే దీపం తయారైంది. ఆ గిన్నెల వంపు గణితంలోని లాగరిథమిక్ సర్పిలం నుంచి తీసుకున్నది. వంపు మీద ఎక్కడైనా వెలుతురు దాదాపు ఒకే కోణంలో పడి బల్ల మీదికి దిగుతుంది. చుట్టూ కూర్చున్నవాళ్లకు బల్బు కనిపించదు. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 అనే దీపం ఇవాళ్టికీ డేనిష్ ఇళ్లలో భోజనాల బల్ల మీద, నెత్తికి తగులుతుందేమో అన్నంత కిందికి వేలాడుతూ ఉంటుంది.

వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి దాదాపు 1900, పాతకాలపు గుండ్రటి బల్బు 2700. మన ఇళ్లలో తెల్లటి ట్యూబులైటు 6500, అంటే మబ్బు పట్టిన మిట్టమధ్యాహ్నం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల ఇళ్లకు జనవరిలో వెళితే, సీలింగులోని అరడజను తెల్ల లైట్లూ ఒక్కసారే వెలుగుతుంటాయి. వెలుతురంటే మనకు అంత ప్రీతి. కానీ రాత్రి ఎనిమిదికి ఆ నీలపు పాలు ఎక్కువైన వెలుతురు ఒంటికి ఇంకా పగలేనని చెప్పి నిద్రను వెనక్కి నెడుతుంది. అదృష్టవశాత్తూ అక్కడి తెలుగు ఇళ్లకు క్రిస్మస్‌తో పండగలు అయిపోవు, వెనకే సంక్రాంతి వస్తుంది. బొమ్మల కొలువు పెట్టిన రోజు మెట్ల పక్కన రెండు చిన్న దీపాలు పెడతారు కదా, బొమ్మలు సర్దేశాక కూడా వాటిని అక్కడే ఉంచి సీలింగు లైట్లు ఆర్పి చూడండి. పొద్దున మాత్రం దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి. చలికాలపు దిగులును నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడు 1984లో జబ్బుగా గుర్తించాడు. దానికి చేసే చికిత్సల్లో ఒకటి లేవగానే అరగంట సేపు పదివేల లక్సుల వెలుతురు ముందు కూర్చోవడం.

కొవ్వొత్తుల గురించి ఒక మాట. డేనులకు వాటి మీద ఎంత మమకారమో, ఇంట్లో గాలిని పాడుచేయడంలో వాటి పాత్ర ఎంతో తేల్చి చెప్పిందీ డేనిష్ పరిశోధకులే. కంటికి కనపడని అతిసన్నటి నుసి కోపెన్‌హాగెన్ ఇళ్లలోకి ఎక్కువగా వచ్చేది కొవ్వొత్తుల నుంచే. అందుకే అక్కడ రోజుకు రెండు మూడు సార్లు కిటికీలన్నీ బార్లా తీసి, ఐదు పది నిమిషాలకు మూసేయమంటారు. గడ్డకట్టే చలిలో ఇదేం పిచ్చి అనిపిస్తుంది. అయితే వేడిని దాచుకునేది గోడలూ సామానూ, గాలిలో ఉండే వేడి బహు తక్కువ. మురికి గాలి పోయి తాజా గాలి వచ్చాక వెచ్చటి గోడలు దాన్ని కాసేపట్లో కాచేస్తాయి.

మన ఊళ్ల సంగతి వేరు. ఆదిలాబాద్‌లోనూ లంబసింగిలోనూ వణికించే చలి ఉంటుంది గానీ ఇళ్లు కట్టింది ఎండాకాలాన్ని తట్టుకోవడానికి. నాపరాళ్ల నేల, పైన గాలి కన్నాలు, సందులున్న తలుపులు. నాపరాయీ మంచం కోడూ ఒకే వేడిలో ఉన్నా రాయి పాదం లోంచి వేడిని చప్పున లాగేసుకుంటుంది, కర్ర లాక్కోదు. జంబుఖానా పరిస్తే నేల వెచ్చబడదు, కానీ ఆ లాగుడు ఆగుతుంది. గొంగడి కప్పుకుంటే చాలు, చెమ్మను పీల్చుకుని కూడా వెచ్చదనం పోనివ్వని ఉన్ని అది. ఈ రెండూ చేతిలో ఉండగా హీటరు అవసరం మనకు అరుదు.

కుంపటి విషయంలో మాత్రం జాగ్రత్త. తలుపులు బిగించిన గదిలో నిప్పులు పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి వాకిట్లోనో వసారాలోనో పెట్టుకుని చుట్టూ కూర్చోండి. పడకకు వెళ్లేముందు నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పేయండి.