ఆహారపదార్థములలో కల్తీ: కొనువారి కర్తవ్యము

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల రైతు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, నడక చూచును, సుడులు చూచును, నలుగురిని విచారించును. విత్తనములు కొనునపుడు గుప్పిట పట్టి ఊది చూచును. ఆ రైతే అంగడికి పోయి నూనె, పసుపు, కారము, నేయి కొనునపుడు వెల మాత్రమే యడిగి యింటికి తెచ్చుకొనును. ఎద్దు చెడ్డదైన సేద్యము చెడును. తిండి చెడ్డదైన సేద్యగాడే చెడును. ఈ విషయమును సభ్యు లెల్లరు ఒకపరి యాలోచింపవలయును.

ఈ యుపేక్షకు మూడు కారణములు మాకు కన్పట్టుచున్నవి. మొదటిది చౌకయందలి యాశ. శేరు నేయి కాచుటకు వెన్న యెంత కావలయునో మన స్త్రీ లెరుగుదురు. ఆ వెన్న ఖరీదుకంటె తక్కువకు నేయి దొరకుచున్న దనగా నది శుద్ధమైన నేయి కాదని వేరుగ చెప్పవలయునా? రెండవది అరువు. అప్పు పెట్టిన వర్తకుని సరకును తప్పుపట్టుటకు నోరాడదు. మూడవది నిరాశ. “అందరును కలుపువారే, ఎవరితో చెప్పుకొందుము?” అని యూరకుందుము. కల్తీ చేయువానికి మన మౌనముకంటె గొప్ప యండ మరొకటి లేదు.

కల్తీ రెండు విధములు. పాలలో నీరు, నేతిలో వనస్పతి మొదట మన ధనమును హరించును. రెండవ విధము ప్రాణమునే హరించును. గట్లపైన, బీళ్లయందు పసుపుపచ్చని పూలు పూచు ముండ్లమొక్క బ్రహ్మదండిని మన మెల్లర మెరుగుదుము. దాని గింజలు ఆవాలను పోలియుండును. 1998వ సంవత్సరమున ఢిల్లీ నగరములో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడినవారు కాళ్లు వాచి, ఊపిరాడక వేలకొలది జబ్బుపడిరి. 60 మందికి పైగా మరణించిరి. మనము ఆవనూనెతో వండుకొనకున్నను, ఆవాలు లేని పోపు మన యిండ్లలో లేదు గదా!

ఇంటియందే చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. ఆవగింజ పైన నునుపుగను, నలిపిన లోపల పసుపుపచ్చగను ఉండును. బ్రహ్మదండి గింజ పైన గరుకుగను, లోపల తెల్లగను ఉండును. మిరియములను నీటిలో వేసిన మునుగును. వానిలో కలిపిన బొప్పాయి గింజలు తేలును. కారమును గ్లాసెడు నీటిలో వేసి, అడుగున దిగినదానిని వ్రేళ్లతో నలిపినపుడు గరగరలాడిన ఇటుకపొడియో యిసుకయో కలిసినదని యెరుగునది. పసుపు నీటిలో వేసినపుడు లేతరంగు మాత్రమే యిచ్చి అడుగునకు దిగవలయును. నీరు చిక్కని పచ్చరంగు తిరిగినచో రంగు కలిపినారని యనుమానింపవలయును. ఏటవాలుగా నుంచిన నున్నని పలకపై పాలచుక్క వేసిన, మంచి పాలు తెల్లని చార విడుచుచు మెల్లగా జారును. నీరు కలిసినవి చార విడువక జారిపోవును. నేతిలో ఉర్లగడ్డ ముద్ద కలిసినచో అయొడిన్ చుక్క వేయగనే నీలిరంగు పుట్టును. ఇవి యనుమానమును కలిగించు పరీక్షలే గాని తీర్పు చెప్పునవి కావు. రుజువునకు ప్రయోగశాలయే శరణ్యము.

అచ్చటికి పోవు హక్కు అధికారులకే గాక కొన్నవారికిని గలదు. 1954వ సంవత్సరపు కల్తీ నిరోధక చట్టమునకు బదులుగా 2006వ సంవత్సరపు ఆహారభద్రతా ప్రమాణముల చట్టము 2011 ఆగస్టు 5వ తేదీనుండి అమలునకు వచ్చినది. దాని 40వ సెక్షను ప్రకారము, కొనునపుడే వర్తకునకు తెలిపి, రుసుము చెల్లించి, సరకును ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. సరకు చట్టమునకు విరుద్ధమని తేలినచో ఆ రుసుము తిరిగి పొందవచ్చును. హానికరమైన ఆహారమువలన మరణము సంభవించిన, నేరస్థునకు ఏడేండ్లకు తక్కువ గాక యావజ్జీవము వరకు ఖైదును, 10 లక్షల రూపాయలకు తక్కువ గాని జుల్మానాయు విధింపబడును. సీలు వేసిన పొట్లముపై 14 అంకెల లైసెన్సు సంఖ్య యున్నదా యని చూడవలయును. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అను ఫోను సంఖ్య గలదు. అన్నిటికి మించి రశీదు తీసికొనవలయును. రశీదు లేని బేరము సాక్షి లేని యప్పువంటిది.

కడపట నొక కటువైన మాట. వర్తకుని నిందించు మనలోనే కొందరు పాలబిందెలో చెంబెడు నీరు పోయుటను తప్పుగా నెంచరు. పాలకు వెన్నశాతమునుబట్టి ధర కట్టు కేంద్రమున ఆ చెంబెడు నీరు పోసినవాని ధరను తగ్గించుటయే గాక, పాలన్నియు కలిసిన పిమ్మట ఊరి పేరునే చెరచును. మనము తూచి యిచ్చునది శుద్ధముగా నున్ననే కొని తెచ్చునది శుద్ధముగా నుండవలయునని యడుగుటకు మనకు ముఖ ముండును.

1844 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు చందాలు వేసికొని యొక చిన్న యంగడి తెరచిరి. పిండి, వెన్న, చక్కెరవంటి సరకులను కల్తీ లేక, సరియైన తూకముతో నమ్ముటయే వారి వ్రతము. మనము నేడు నడుపుకొనుచున్న సహకారోద్యమమునకు ఆ యంగడియే మాతృక. కావున కల్తీతో పోరాడుట మనకు క్రొత్త పని కాదు, పుట్టుకతో వచ్చిన పని. ఒక్క రైతు పరీక్షరుసుమునకు వెనుదీయవచ్చును; పదిమంది పంచుకొన్న నది భారము కాదు. తమ నువ్వులను, వేరుసెనగలను తెలిసిన గానుగలో కలిసి ఆడించుకొన్న పదియిండ్లవారు నూనెవిషయమై యెవ్వరిని అనుమానింప నక్కరలేదు. రాబోవు సమావేశమున సభ్యులు ఈ రెండు విషయములను చర్చించి నిర్ణయింతురుగాక యని కోరుచున్నాము.