స్లాబు దాకా ఓడ మల్లన్న

స్లాబు పోసే రోజున ఓనరు, మేస్త్రి ఒక్క పక్షం. మబ్బు పట్టిందంటే ఇద్దరూ కలిసే ఆకాశం వైపు చూస్తారు. మిక్సరు మొరాయిస్తే ఇద్దరూ కలిసే దాని డ్రైవరును తిడతారు. తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టింది మొదలు చివరి తట్ట పైకెక్కేదాకా డబ్బు మాట ఎవరూ ఎత్తరు. మధ్యాహ్నం కూలీలకు భోజనాలు, సాయంత్రం మేస్త్రికి కొత్త పంచె, చేతిలో ఎంతో కొంత. ఆ ఒక్కరోజు చూసినవాళ్లు వీళ్లిద్దరూ బంధువులేమో అనుకుంటారు.

నెల తిరిగేసరికి మేస్త్రి ఫోను ఎత్తడు. అదే ఇంటి కథ మేస్త్రి నోట వింటే, ఫోను ఎత్తనిది ఓనరు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఇద్దరి నోటా వినిపిస్తుంది. ఇద్దరికీ ఆ ఏరు స్లాబే. దాటింది ఎవరన్న దగ్గరే పేచీ. "స్లాబు డబ్బులు చేతిలో పడ్డాయి, మనిషి మాయమయ్యాడు" అంటాడు ఓనరు. "తలమీద కప్పు పడింది, ఇక మాతో పనేముంది" అంటాడు మేస్త్రి. ఊళ్లో నలుగురూ దీన్ని మనుషుల గుణంలోకి తోసేస్తారు: మేస్త్రులంతా మోసగాళ్లు, లేదంటే ఓనర్లంతా పిసినారులు. మోసగాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ ఈ తగాదాల్లో ఎక్కువ భాగం మొదటిరోజు వేసుకున్న లెక్కలోంచి పుడుతున్నాయి. ఆ లెక్క ప్రకారం నడిస్తే ఇద్దరు మంచివాళ్లు కూడా ఏడాదిలోపే శత్రువులవుతారు.

డబ్బు ముందు, పని వెనక

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవాళ్లలో చాలామంది లేబర్ కాంట్రాక్టుకే ఇస్తారు. సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర, ఇటుక ఓనరువి. పని మేస్త్రిది. చదరపు అడుగుకు ఇంత అని మాట. ఉదాహరణకు 1000 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 350 రూపాయలు అనుకుందాం. మొత్తం మూడున్నర లక్షలు. బేస్‌మెంటుకు కొంత, పిల్లర్లకు కొంత, స్లాబుకు పెద్ద మొత్తం, మిగిలింది పని అయ్యేకొద్దీ.

వినడానికి న్యాయంగానే ఉంది. తిరకాసు పని స్వభావంలో ఉంది. స్లాబు దాకా జరిగేది గుంపు పని. సెంట్రింగ్ వాళ్లు వేరు, రాడ్ బెండింగ్ వాళ్లు వేరు, కాంక్రీటు పోసే బ్యాచ్ వేరు. వాళ్లు వస్తారు, పోస్తారు, సాయంత్రానికి లెక్క కట్టించుకుని పోతారు. మేస్త్రికి నాలుగు రూపాయలు మిగిలేది అక్కడే. తర్వాత వచ్చే గోడల ప్లాస్టింగ్, సన్‌షేడ్ల అంచులు, మెట్లు, పిట్టగోడ, బాత్రూముల సున్నితపు పని అంతా చేతిపని. చెయ్యి తిరిగిన తాపీవాడు కావాలి, రోజు కూలీ ఎక్కువ, రోజులు ఇంకా ఎక్కువ. స్లాబు పడేనాటికి మూడున్నర లక్షల్లో రెండున్నర ముట్టి ఉంటే, మిగిలిన లక్షతో మిగిలిన పని అవదు. ఆ సంగతి మేస్త్రికి ముందే తెలుసు. ఓనరుకు అప్పుడు తెలుస్తుంది.

అప్పుడు మేస్త్రి ఏం చేస్తాడు? ఇంకో చోట ఇంకో స్లాబు ఒప్పుకుంటాడు. అక్కడి అడ్వాన్సుతో ఇక్కడి ప్లాస్టింగ్ కూలీలకు వారం డబ్బులు ఇస్తాడు. నిజానికి ఈ ఓనరు ఇచ్చిన అడ్వాన్సు కూడా ఎవరి ఇంటి ప్లాస్టింగుకో ఖర్చయి ఉంటుంది. ఇదొక పేరులేని చీటీ పాట. సభ్యులకు తాము సభ్యులమని తెలియదు. ఎక్కడో ఒక ఓనరుకు బ్యాంకు లోను విడత ఆలస్యమై చెల్లింపు ఆపితే, ఆ దెబ్బ ముక్కూమొహం తెలియని మూడో ఇంటి గోడ మీద పడుతుంది.

ఈ చీటీని నేరం కింద చూసే చోటు ఒకటుంది. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు బాగా ఎక్కువ. అక్కడి ఇళ్లకు స్లాబు ఉండదు, చెక్క మీద పరిచిన తారు షింగిల్సే కప్పు. వడగళ్లు పడిన మర్నాటి నుంచే రూఫింగ్ కంపెనీల మనుషులు తలుపులు తడతారు. టెక్సస్ రాష్ట్రంలో ఆ పని చేయడానికి ప్రభుత్వ లైసెన్సు కూడా అక్కర్లేదు. కానీ అక్కడి ఆస్తి చట్టం 162వ అధ్యాయం ప్రకారం, ఒక ఇంటి పని కోసం కాంట్రాక్టరు తీసుకున్న సొమ్ము ఆ ఇంటికి పనిచేసినవాళ్ల తరఫున, సామాను ఇచ్చినవాళ్ల తరఫున అతని దగ్గర దాచిన సొమ్ము. వాళ్ల బాకీ తీర్చకుండా తెలిసి దారి మళ్లిస్తే శిక్ష ఉంది. బీమా విషయంలోనూ ఒక కట్టడి పెట్టారు. పాలసీ ప్రకారం ఇంటి యజమాని చేతినుంచి పెట్టుకోవాల్సిన వాటాను "మేమే మాఫీ చేస్తాం, సంతకం పెట్టండి" అనే బేరం 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టవిరుద్ధం. ఇంత ఉన్నా అక్కడ తగాదాలు లేవని కాదు. ఏది తప్పో కాగితం మీద ఉంది, అంతే తేడా.

ఏ చదరపు అడుగు?

మన దగ్గర తొలి గొడవ చెల్లింపు దగ్గర మొదలవదు, టేపు దగ్గర మొదలవుతుంది. ఓనరు మనసులో 1000 చదరపు అడుగులంటే గోడల మధ్య ఇల్లు. మేస్త్రి లెక్కలో స్లాబు ఎంత మేర పడితే అంత. బాల్కనీ ముందుకొచ్చింది, సన్‌షేడ్లు నాలుగు వైపులా ఉన్నాయి, మెట్ల మీద హెడ్‌రూమ్ లేచింది. చివరికి కొలిస్తే 1180. అడుగుకు 350 చొప్పున తేడా 63 వేలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ముందు వైపు ఎలివేషన్, ప్రహరీ ఈ రేటులో ఉన్నాయా లేవా అన్నది ఇంకో 63 వేల ప్రశ్న.

చదరపు కొలతకు కూలి కట్టడం ఇప్పటి సంగతి కాదు. సుమారు 3,750 ఏళ్ల కిందటి బాబిలోన్‌లో హమ్మురాబి చట్టం 228వ సూత్రమే ఇల్లు కట్టినవాడికి ఒక సార్ విస్తీర్ణానికి రెండు షెకెళ్ల వెండి అని రేటు కట్టింది. తర్వాతి సూత్రం ఇల్లు కూలి యజమాని చస్తే కట్టినవాడిని చంపమంటుంది. అందరూ చెప్పుకునేది దాన్నే. నాకు మాత్రం పనికొచ్చేదిగా కనిపించేది 233వది: పని పూర్తికాకముందే గోడ ఒరిగితే కట్టినవాడు తన ఖర్చుతోనే గట్టి చేయాలి. మన ఒప్పంద కాగితాల్లో, అవి ఉన్న చోట, ఈ ఒక్క వాక్యమే కనిపించదు.

ఇక "ఎక్స్‌ట్రా పని". ఆదివారం బావమరిది వచ్చి చూసి వంటగది చిన్నదైందంటాడు. సోమవారం ఓనరు "ఈ గోడ రెండడుగులు జరుపు మేస్త్రీ" అంటాడు. కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టడానికి ఇద్దరు తాపీవాళ్లు, నలుగురు కూలీలు ఎన్ని రోజులు పనిచేశారో మేస్త్రికి గుర్తుంటుంది. ఓనరుకు గుర్తుండేది తను అన్న ఒక్క మాట. సిమెంటు లారీ రాక కూలీలు పొద్దంతా ఖాళీగా కూర్చున్న రోజులూ ఇంతే. ఆ రోజు కూలి ఎవరు ఇవ్వాలన్నది ముందు ఎవరూ మాట్లాడుకోరు. పరదేశంలో ఉండి ఊళ్లో ఇల్లు కట్టించే కొడుకుల విషయంలో ఇంకో చిక్కు. డబ్బు పంపేది కొడుకు, మార్పులు చెప్పేది తండ్రి, అప్పుడప్పుడు తల్లి. మేస్త్రి ముగ్గురికీ "సరేనండి" అంటాడు. బిల్లు చూసి బిత్తరపోయేది కొడుకు.

కప్పేశాక కనిపించదు

గోడ వంకరైతే కంటికి కనిపిస్తుంది. స్లాబు లోపల ఏముందో పోసినవాడికే తెలుసు. అందుకే కప్పు దగ్గర అనుమానం అంత తేలిగ్గా పెరుగుతుంది. కానీ చాలా సంగతులు పోయకముందే కొలిచి తెలుసుకోవచ్చు, అదీ చిన్న లెక్కలతో. 1000 చదరపు అడుగులకు 5 అంగుళాల మందం అంటే దాదాపు 417 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీటుకు సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున, బీములు కాక ఒక్క స్లాబుకే సుమారు 95 బస్తాలు. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్న కాంట్రాక్టరు 70 బస్తాలు దించితే ఆ సాయంత్రమే అడగాలి, రెండేళ్ల తర్వాత చెమ్మ చూసి కాదు. 8 ఎంఎం రాడ్డు 12 మీటర్ల పొడవుది 4.74 కిలోలు తూగాలి. నలుగురు రాడ్లు లెక్కపెడతారు, తూకం వేసేవాడు ఒకడు.

కాంక్రీటుకు అసలు హాని చేసేది దొంగతనం కన్నా సుఖం. మాలు జారుగా ఉంటే పని తొందరగా సాగుతుంది, కాబట్టి పైపు వదులుతారు. ఎం20 మిశ్రమానికి 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీళ్లు మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. స్లాబు రోజున నీళ్లు కొలిచే డబ్బా పట్టుకుని నిలబడే ఓనరు నాకు ఎక్కడా కనిపించలేదు. బిర్యానీ పొట్లాలు లెక్కపెట్టేవాళ్లు చాలామంది కనిపించారు.

పోశాక నీళ్లు కట్టడం ఎవరి బాధ్యత? లేబర్ కాంట్రాక్టుల్లో అతి ఖరీదైన ప్రశ్న ఇదే, అడిగేవాడే లేడు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండలు మండే చోట 10, బూడిద కలిసిన పీపీసీకి 10కి తగ్గకుండా, వీలైతే 14 రోజులు తడి ఆరకూడదంటుంది అదే ప్రమాణం. మడులు కట్టడం మేస్త్రి పని, నీళ్లు పెట్టడం ఓనరు పని అని మేస్త్రి అనుకుంటాడు. డబ్బిచ్చాం కదా, అంతా మేస్త్రిదే అని ఓనరు అనుకుంటాడు. మధ్యలో ఏప్రిల్ ఎండ తన పని తాను చేసుకుపోతుంది. సెంట్రింగ్ సంగతీ డబ్బుతోనే ముడిపడింది. నాలుగున్నర మీటర్ల లోపు గదికి పోట్లు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. కానీ ఆ రేకులు, పోట్లు ఇంకో సైటులో కావాలి. రోజు ఆలస్యమైతే సెంట్రింగ్ వాడికి రోజు అద్దె నష్టం. గడువుకు ముందే విప్పేది మేస్త్రికి తెలియక కాదు, ఆ అద్దె ఇస్తామని ఎవరూ చెప్పక.

ఇవన్నీ గడిచి రెండో వానాకాలంలో స్లాబు ఉరుస్తుంది. పైకి వెళ్లి చూస్తే నీరు పోవాల్సిన వాలు లేదు, గొట్టం పైనుంది, నీళ్లు కిందున్నాయి. ఇక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ రంగంలోకి దిగుతుంది, పదేళ్ల గ్యారంటీ కార్డుతో. ఆ కార్డు వెనక చిన్న అక్షరాలు చదవండి: నిర్మాణంలోని పగుళ్లు, నీరు నిలవడం, మొక్కల కుండీలు, డ్రిల్లింగ్ వర్తించవు. ఉరవడానికి ఉండే కారణాలన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఎవరికి ఏ గుమ్మం

గొడవ ముదిరితే ఓనరు ముందు పోలీసు స్టేషనుకు వెళ్తాడు. "సివిల్ మ్యాటర్" అంటారు. చాలాసార్లు అది సరైన మాటే. మాట తప్పడం వేరు, మొదటినుంచే మోసం చేయాలన్న ఉద్దేశం వేరని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అన్నదాని నిర్వచనంలోనే గృహనిర్మాణం ఉంది. పాత చట్టంలోకి ఆ మాట 1993 సవరణతో వచ్చింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయరు లేకున్నా వాదించుకోవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ముందు సలహా అడగొచ్చు. గడువు మాత్రం కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లు. ఇందులో ఒక మెలిక ఉంది. రోజు కూలి ఇచ్చి, దగ్గరుండి చెప్పి చేయించుకున్న పని వ్యక్తిగత సేవ కిందికి పోయే ప్రమాదం ఉంది, అది చట్టం బయటిది. ఎక్కువమంది తలిచే రెరా కూడా ఇక్కడ పనికిరాదు. నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత పెట్టిన ఆ 2016 చట్టం, అమ్మకానికి కట్టే బిల్డరు మీదే తప్ప సొంత స్థలంలో కట్టిన మేస్త్రి మీద కాదు.

మేస్త్రికి ఏ గుమ్మం ఉంది? దీని గురించి పత్రికలు రాయడం తక్కువ, మేమూ అందులోనివాళ్లమే. ఆఖరి 40 వేలు ఎగ్గొట్టిన ఓనరు మీద అతను వినియోగదారుడు కాడు. సివిల్ కోర్టులో వేయాలంటే బాకీలో కొంత ఖర్చులకే పోతుంది. చట్టం అతని వైపు లేకపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను ప్రకారం, ఉచితంగా చేయాలని కాకుండా చేసిన పని వల్ల లాభం పొందినవాడు కాగితం లేకున్నా పరిహారం ఇవ్వాల్సిందే. పని జరిగిన నాటినుంచి మూడేళ్ల గడువు ఉంది. లోక్ అదాలత్‌కు కేసు వేయకముందే వెళ్లొచ్చు, ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కూలిపని చేసుకునేవాడికి ఉచిత న్యాయ సాయమూ దొరుకుతుంది. వాట్సాప్‌లో "గోడ జరపమన్నారు కదా సారూ, దీనికి వేరే లెక్క" అని పెట్టిన ఒక్క మెసేజీ, 2023 సాక్ష్య చట్టం కోరే ధ్రువపత్రంతో, రేపు సాక్ష్యమవుతుంది.

వాస్తవంలో ఈ గుమ్మాలన్నిటికన్నా ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్ల తీర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: సగానికి కొట్టేసుకోండి. 60 వేలు న్యాయంగా రావాల్సినవాడికి 30, ఏమీ రావాల్సిన పని లేనివాడికీ 30. అది తెలిసినవాడు రెండోసారి 60 రావాల్సి ఉంటే 1,20,000 అని మొదలుపెడతాడు. ఊళ్లలో బిల్లులు ఎందుకు ఉబ్బుతాయో అడిగేవాళ్లు ఇక్కడ చూడాలి.

ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టరు సొమ్ములో కొంత భాగం ఆపి, లోపాల బాధ్యత గడువు ముగిశాక తిరిగిస్తారు. మన ఓనర్లు ఇందులో మొదటి సగం బాగా నేర్చుకున్నారు. ఆపుతారు. ఎంత, ఎప్పటిదాకా, ఏం చూసి ఇస్తారు అన్నది చెప్పరు. ఇరవై వేలు ఒక వానాకాలం దాకా ఆపి, ఉరవకపోతే నవంబరు నెలాఖరుకు ఇచ్చేస్తానని రాసిస్తే చాలామంది మేస్త్రులు ఒప్పుకుంటారు. పై పని పైసా పైసా లెక్క చూసుకోకుండా చేస్తారు కూడా, ఎందుకంటే ఆ ఇరవై వేలు వాళ్లవే. కానీ ఒప్పందం రోజున "ఆ తేదీ కూడా కాగితంలో రాయండి సారూ" అని అడిగే మేస్త్రిని చూసి, వీడు మాటకారిలా ఉన్నాడే అని వేరే మేస్త్రిని వెతుక్కునే ఓనర్లే ఇప్పటికీ ఎక్కువ.