స్వారీకి ముందు చాకిరీ

గుర్రం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి సినిమాలో హీరో ఎంట్రీ, రెండోది పెళ్లి బరాత్. రెండు చోట్లా మన చూపు పైన కూర్చున్న మనిషి మీదే ఉంటుంది, కింద ఉన్న గుర్రం మీద కాదు. కానీ పిల్లలకి, మన వయసు వాళ్లకి గుర్రపుస్వారీ నేర్పే మంచి సంస్థల్లో పాఠం కింది నుంచే మొదలవుతుంది. చేతికి ముందు బ్రష్ ఇస్తారు, తర్వాత పార ఇస్తారు. మాలీషు చెయ్యాలి, గిట్టలు శుభ్రం చెయ్యాలి, పేడ ఎత్తాలి. కళ్లెం పట్టుకోవడం ఆ తర్వాత సంగతి. ఇదేమన్నా ర్యాగింగా? కాదు. దీని వెనక గట్టి లాజిక్కే ఉంది.

ముందు ఒక ఉదాహరణ చూద్దాం. 1929లో బ్రిటన్‌లో పోనీ క్లబ్ అని ఒకటి మొదలైంది. 1954లో అమెరికాలోనూ అలాంటిదే వచ్చింది. పిల్లలు 'డి' నుంచి 'ఎ' దాకా మెట్లు ఎక్కుతూ పోవాలి. ప్రతి మెట్టులోనూ స్వారీతో పాటు గుర్రాన్ని చూసుకోవడం మీద కూడా పరీక్ష ఉంటుంది. అమెరికా క్లబ్బుల పోటీల్లో ఇంకో తమాషా ఉంది. గుర్రపుశాలని ఎంత బాగా చూసుకున్నారన్నదానికీ మార్కులుంటాయి. అక్కడ పనంతా పిల్లలే చేసుకోవాలి, అమ్మానాన్నలు సాయం చెయ్యకూడదు. టీమ్‌లో ఒకరైతే అసలు గుర్రం ఎక్కరు. శాల పని చూడటమే వాళ్ల బాధ్యత. అయినా వాళ్లు లేకపోతే టీమ్ నడవదు.

ఇంత పట్టింపు ఎందుకు? జవాబు గుర్రం ఒంట్లోనే ఉంది.

దాదాపు 450-500 కిలోల జంతువు అది. పొట్ట మాత్రం 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి తయారైన ఒళ్లు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది వెనక్కి రాదు, పక్కా వన్ వే. అందుకే "పాపం ఆకలేస్తోందేమో" అని ఒకేసారి రెండు బకెట్ల దాణా పెడితే ప్రమాదాన్ని పిలిచినట్టే. మేత మార్చాలన్నా వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. తేడా వస్తే కోలిక్, అంటే కడుపునొప్పి. మనకైతే ఒక టాబ్లెట్‌తో పోతుందేమో కానీ గుర్రానికి ప్రాణం మీదికొస్తుంది.

రెండో చిక్కు ఏంటంటే, గుర్రం తన నొప్పిని చాలావరకు దాచుకుంటుంది. వేటాడే జంతువులకి భయపడి బతికిన జాతి కదా, బలహీనంగా కనిపిస్తే అంతే సంగతులు. కాబట్టి కనిపెట్టాల్సింది మనమే. పెద్ద గుర్రం ఊరికే నిలబడి ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. ఈ అంకెలు బట్టీ పడితే చాలదు. మన గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో తెలియాలి. రోజూ 32 ఉండే నాడి ఇవాళ నిలబడి ఉండగానే 56 ఉందంటే, అది మనకి ఏదో చెబుతోందన్నమాట. మన భాషలో చెప్పాలంటే, బేస్‌లైన్ తెలియనివాడికి ఎర్రర్ కనపడదు.

మాలీషు కూడా మెరుపు కోసమే కాదు. రోజూ ఒళ్లంతా చెయ్యి తిరిగితే ఎక్కడ వాచిందో, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ తాకితే ఒళ్లు ముడుచుకుంటోందో తెలిసిపోతుంది. జీను కింద చిన్న ఇసుక రేణువు మిగిలినా వీపు ఒరుసుకుని పుండు పడుతుంది. గిట్టలో రాయి ఇరుక్కుంటే కుంటుతుంది. స్వారీకి ముందూ వెనకా నాలుగు గిట్టలూ ఎత్తి చూడమనేది అందుకే.

ఇవన్నీ చేసేసరికి సగం స్వారీ వచ్చేసినట్టే. ఎలాగంటే, గుర్రానికి ఏదైనా నేర్పడంలో కీలకం నొక్కడం కాదు, వదలడం. కాలితో మెల్లగా ఒత్తుతాం, అది అడుగు ముందుకేస్తుంది, ఆ క్షణమే ఒత్తిడి తీసేయాలి. "ఓహో, ఇదే సరైన జవాబు" అని దానికి అప్పుడే అర్థమవుతుంది. రెండు సెకన్లు లేటైతే ఇంకేదో నేర్చుకుంటుంది. ఆ క్షణాన్ని పట్టుకోవాలంటే దాని చెవులు, మెడ, ఊపిరి చదవడం రావాలి. ఆ చదువు జీను మీద రాదు, శాలలో వస్తుంది.

"బాగానే ఉంది, కానీ గుర్రం కొనేంత డబ్బు ఎవరి దగ్గరుంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని ఫోర్-హెచ్ దగ్గర దీనికి ఒక జవాబుంది. 1902లో ఒహాయోలో పుట్టిన ఈ యువజన కార్యక్రమం అక్కడి ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీల విస్తరణ విభాగాల ద్వారా నడుస్తుంది. మన సీనియర్లు ఎంఎస్‌కి వెళ్లే టెక్సాస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ అలాంటివే. సొంత గుర్రం లేనివాళ్లు కూడా ఇందులో క్విజ్ పోటీల్లో పాల్గొనవచ్చు, గుర్రాల్ని అంచనా వేసే పోటీలకీ వెళ్లొచ్చు. నాలుగు గుర్రాల్ని చూసి వరుసలో పెట్టాలి. తర్వాత జడ్జి ముందు నిలబడి, ఇది మొదట ఎందుకు, అది చివర ఎందుకు అని కారణాలతో చెప్పాలి. వైవాకి వణికే మనలాంటి వాళ్లకి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ ఏముంటుంది?

మన దగ్గర ఏమీ లేదనుకోకండి. ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ అనే విభాగం ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలతో కలిసి ఈ యూనిట్లు నడుస్తున్నాయి. క్యాడెట్లు స్వారీతో పాటు గుర్రం సంరక్షణ కూడా నేర్చుకుంటారు. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపులో గుర్రపుస్వారీ పోటీలు కూడా ఉంటాయి.

ఎక్కడా చేరకపోయినా ఒక పని చెయ్యొచ్చు. ఈసారి ఫ్రెండ్ అన్నయ్య బరాత్‌కి వెళ్తే, డీజే ముందుకి దూకే లోపు గుర్రం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వెనక నుంచి మాత్రం వెళ్లొద్దు, సరిగ్గా దాని వెనక ఏముందో దానికి కనపడదు. పక్క నుంచి, భుజం వైపు వెళ్లండి. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయా? నోటి మూలల్లో పుండ్లున్నాయా? జరీ గుడ్డ కింద వీపు ఎలా ఉంది? వెనక కాలు ఒకటి వదులుగా పెట్టి నిలబడితే కంగారు లేదు, అది రెస్ట్ తీసుకోవడం. ముందు కాలు మీద బరువు వెయ్యకుండా నిలబడితే మాత్రం నొప్పి ఉందేమో అనుమానించాలి. అలాంటప్పుడు పెళ్లికొడుకుని "బావా, కారెక్కు" అనండి. ఫొటోకి గుర్రం పక్కన నిలబడితే సరిపోతుంది.