తల్లుల కూడికకు అవ్వలను కూడా పిలవండి



కొల్లాపూర్ చుట్టుపక్కల పల్లెల నుండి ఆసుపత్రికి పిల్లలను ఎత్తుకొని వచ్చేవారిలో తల్లులతో పాటు నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా చాలామంది ఉంటారు. కారణం మీకు తెలిసిందే. పాలమూరు నుండి పనికి వలస పోవడం తరతరాలుగా ఉన్నదే. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట హైదరాబాదుకో, ముంబయికో, పూణేకో పోతే చిన్నబిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. కాని పిల్లల పెంపకం గురించి ఊళ్లో చెప్పేటప్పుడు తల్లులనే పిలుస్తారు. రోజూ బిడ్డకు అన్నం పెట్టే అవ్వ ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

మీ కుటుంబాల్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘం లీడర్లు, చర్చిలో స్త్రీల కూడిక నడిపేవారు ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వారి కోసం. మిగిలినవారు చదివి వారికి చెప్పండి.

"మేము చదువుకున్నవాళ్లం కాదు, మేమేం చెప్పగలం?" అని కొందరు వెనుకాడతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 పల్లెల్లో చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. పల్లెలను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండవ గుంపులో వాటితో పాటు తల్లిపాలు, పై ఆహారం గురించి నేర్పారు. మూడవ గుంపులో ఇవన్నీ చెప్పి, బిడ్డ సైగలు చూసి తినిపించడం, బిడ్డతో ఆడడం కూడా నేర్పారు. ఇంటింటికీ వెళ్లి నేర్పినవారు శిక్షణ పొందిన పల్లె స్త్రీలే. పిల్లల 3వ నెల నుండి ఒక సంవత్సరం పాటు రెండు వారాలకొకసారి వెళ్లారు.

నేర్పిన రెండు గుంపుల్లోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. తెలివితేటల పరీక్షలో మాత్రం ఆట, మాట కూడా నేర్పిన గుంపు పిల్లలే ముందుకు వచ్చారు. అయితే ఎత్తు పెరగక గిడసబారడం తగ్గింది రెండవ గుంపులోనే. కాబట్టి ఆట నేర్పుతున్నామని తిండి సంగతి తేలికగా తీసుకోవద్దని నేను అంటాను. రెండూ చెప్పాలి.

ఏమి చెప్పాలి? 6 నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే. తర్వాత తల్లిపాలు ఇస్తూనే పై ఆహారం మొదలుపెట్టాలి. 8 నెలల వరకు రోజుకు 2, 3 సార్లు, ఆ తర్వాత 3, 4 సార్లు. పప్పు మీది తేట పోస్తే కడుపు నిండుతుంది గాని బలం రాదు. మెత్తటి అన్నం గాని జొన్న గట్క గాని తీసుకొని, గట్టి పప్పు, చెంచాడు నూనె లేక నెయ్యి కలిపి మెదపండి. ఆకుకూర, గుడ్డు కూడా మెత్తగా చేసి పెట్టవచ్చు. బిడ్డ కళ్లలోకి చూస్తూ, మాట్లాడుతూ తినిపించండి. మొఖం తిప్పుకుంటే కాసేపు ఆగండి. ముక్కు మూసి పోయడం, టీవీ గాని ఫోను గాని ముందు పెట్టి మింగించడం వద్దు.

కూడికకు ఎనిమిది, పది మంది చాలు. పొలం పనుల నుండి వచ్చి, వంటకు కూర్చోకముందు అరగంట. ఒక రోజు ఒకే విషయం. పెద్దవాళ్లను "మీ పద్ధతులన్నీ తప్పు" అని మొదటి మాటగా అంటే ఆ అవ్వ మళ్లీ రాదు. "అవ్వా, నీ మనవడు ఈ వారం కొత్తగా ఏం చేసిండు?" అని అడగండి. జోలపాట, దాగుడుమూతలు, చేతులు పట్టి తారంగం ఆడించడం ఆమెకు వచ్చినంతగా మనకు రావు. ఆమెతోనే చేయించి చూపించండి.

ఆట వస్తువులు కొనవలసిన పని లేదు. గిన్నె, గంటె, రంగు గుడ్డలు, పెద్ద మూతలు చాలు. పల్లీలు, చింతగింజలు, గుండీలు మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వవద్దు, గొంతులో అడ్డం పడతాయి. పత్తి చేలలో వాడిన పురుగుమందు డబ్బా ఎంత కడిగినా ఆటకు పనికిరాదు.

మీకు సహాయం చేసేవి దగ్గరలోనే ఉన్నాయి. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు బిడ్డ ఏమి చేయాలో బొమ్మలతో ఉంటుంది. చదువురాని వారికి కూడా దాన్ని చూపించి చెప్పవచ్చు. 2018లో మొదలైన కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి రావాలి. ఆ రోజు అవ్వ ఇంట్లో ఉండేలా చూడండి. కేంద్ర ప్రభుత్వం 2024లో నవచేతన అనే పుస్తకం తెచ్చింది. అందులో పుట్టినప్పటి నుండి మూడేళ్ల వరకు నెలల వారీగా 140 ఆటలు, పనులు ఉన్నాయి. అంగన్‌వాడీలో అడగండి.

9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా డాక్టరుకు చూపించండి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే తీసుకొని రండి. "వాళ్ల నాయనకు కూడా మాటలు ఆలస్యంగనే వచ్చినయి" అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కొందరికి చెవి సరిగ్గా వినబడకపోవడమే కారణం కావచ్చు, అది పరీక్షతో తెలుస్తుంది. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి ఇలాంటి లోపాలను చూస్తుంది, చికిత్సకు ఉచితంగా పంపుతుంది. వచ్చే తేదీ టీచరుకు తెలుస్తుంది.

బిడ్డ అవ్వ దగ్గర ఉంటే కార్డు కూడా అవ్వ దగ్గరే ఉంచండి. బిడ్డను వెంట తీసుకొని వలస పోతే కార్డును కూడా తీసుకొని పోండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ టీకాలు ఉచితంగా వేస్తారు.