అనుకోగానే చెయ్యి ఎలా కదులుతుంది?

ఎండాకాలం తెల్లవారుజామున భద్రాచలం అడవి అంచు ఊళ్లలో పిల్లలు ఇప్పచెట్ల కింద పూలు ఏరుతుంటారు. కన్ను పువ్వును చూస్తుంది, వేళ్లు నలగకుండా అందుకుంటాయి. కదలమని వేళ్లకు ఎవరు చెప్పారు?

మెదడే. నడినెత్తి నుంచి చెవుల వైపు దిగే ఒక సన్నని భాగం నుంచి కబురు విద్యుత్తుగా బయలుదేరి, వెన్నుపాము మీదుగా కండరాలను చేరుతుంది. దారిలో అటుది ఇటు మారుతుంది. అందుకే కుడిచేతిని కదిలించేది ఎడమవైపు మెదడు.

మరి చెయ్యి కదపకుండా, కదుపుతున్నట్టు ఊరికే ఊహిస్తే? అప్పుడూ అక్కడ మార్పు వస్తుంది! క్లాసులో అందరూ కలిసి ఎక్కాలు చదువుతుంటే ఒకే లయ వినిపిస్తుంది కదా, ఎవరి లెక్క వాళ్లు మొదలుపెట్టగానే అది చెదిరిపోతుంది. చెయ్యి ఊరుకున్నప్పుడు మెదడులోని ఆ భాగం కణాలూ అలాగే ఒకే లయలో ఉంటాయి. కదలిక ఊహించగానే లయ తగ్గుతుంది.

హైదరాబాద్‌లో బడి చదువు చదివిన రాజేశ్ రావు అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ మార్పునే పట్టుకున్నారు. 2013 ఆగస్టు 12న ఆయన మెదడు లయను పసిగట్టే తీగల టోపీ పెట్టుకుని, వీడియోగేమ్ చూస్తూ, కుడిచెయ్యి కదుపుతున్నట్టు ఊహించారు. నిజంగా కదపలేదు. కంప్యూటర్ ఆ మార్పును గుర్తించి ఇంటర్నెట్‌లో కబురు పంపింది. అదే విశ్వవిద్యాలయంలో ఇంకోచోట, ఆ ఆట కనిపించకుండా కూర్చున్న ఆండ్రియా స్టోకో తలకు ఎడమవైపు ఒక అయస్కాంత చుట్ట ఉంది. కబురు అంది అది పనిచేయగానే ఆయన కుడిచేతి వేలు తనంతట తానే కదిలి మీట నొక్కింది!

ఇది మనసులోని మాటలు చదివే యంత్రం కాదు. దాటినది ఒక్క కదలిక కబురే. అందుకోసం ఇద్దరి తలకూ చిన్న కోత కూడా పెట్టలేదు.