ముసలిదైనా బుజ్జిదే

ఇంట్లో పెంచుకొనే కుక్కకు పదేళ్లు నిండినా దాన్ని "బుజ్జీ", "చిన్నీ" అనే పిలుస్తారు. పసిపాపతో మాట్లాడినట్లు ముద్దుముద్దుగా మాట్లాడతారు. ఎందుకు?

గుండ్రని ముఖం, పెద్ద కళ్లు, ఎత్తైన నుదురు చూడగానే మనుషులకు లాలించాలనిపిస్తుందని కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1943లో వివరించాడు. కుక్కల పూర్వీకులు తోడేళ్లే. అయితే ఆడుకోవాలనే ఉబలాటం వంటి కొన్ని పిల్లచేష్టలు కుక్కకు పెద్దయ్యాక కూడా పోవు. మచ్చికకూ ఈ పిల్లతనానికీ సంబంధం ఉందని ఒక ప్రయోగం సూచించింది. 1959లో సోవియట్ శాస్త్రజ్ఞుడు దిమిత్రీ బెల్యాయెవ్ దీనిని నక్కలపై మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనుషులకు బెదరని నక్కలనే ఎంచి పెంచారు. కొన్ని తరాలకే వాటిలో కొన్ని తోక ఊపుతూ మనుషుల చేతులు నాకసాగాయి.

కాని, ముద్దుపేరు పెట్టినంత మాత్రాన వయస్సు ఆగదు. ఏడెనిమిదేళ్లకే చాలా కుక్కలకు వార్ధక్యం మొదలవుతుంది. చెవులు సరిగా వినిపించవు, చూపు మందగిస్తుంది, కీళ్లు నొప్పిపెడతాయి. పిలిస్తే పలకలేదని కొట్టడం, మెట్లెక్కలేకపోతే బద్ధకమని కసరడం అన్యాయం. పిల్ల అని ముద్దు చేసినవారే దాని ముసలితనాన్నీ గుర్తించాలి. మెత్తని పడక, తగిన తిండి, పశువైద్యుని సలహా దానికి అందించాలి. అదే నిజమైన ప్రేమ.