అన్నములోని బొగ్గు

అన్నము మాడినను, బెల్లము మాడినను తుదకు మిగులునది నల్లని బొగ్గే గదా! దాని మూలద్రవ్యమే కర్బనము. ప్రతి కర్బన పరమాణువునకు నాలుగు చేతులున్నవనుకొనుడు. అవి ఒండొంటిని పట్టుకొని గొలుసులగును. ద్రాక్షచక్కెర అణువున అట్టి పరమాణువులు 6. ఆ చక్కెరలే వందలు, వేలుగ కూడినచో బియ్యపుపిండి. నేతికిని, మన కండకును ఆధారము కర్బనమే.

వరికి ఇది మట్టినుండి రాదు. చెరువుమన్ను తోలిన రైతునకు నా మాట వింతగ దోచవచ్చును! గాలిలో 10,000 పాళ్లకు సుమారు 4 పాళ్లే యున్న బొగ్గుపులుసు వాయువును ఆకులు గ్రహించి, ఎండ బలమున నీటితో కూర్చి చక్కెర చేయును. పొలములో గడ్డి తగులబెట్టినచో నెలల తరబడి కూడిన కర్బనము చాలవరకు గడియలో గాలిపాలగును. దున్ని కలిపినచో సూక్ష్మజీవులు తినగా, కొంత నల్లని సారముగ నేలలో నిలుచును.